చీకట్లో వెలిగే చొక్కాలు

ఫిబ్రవరి 5, బుధవారం రాత్రి. హోటన్, మిషిగన్

ఊళ్లో ఇవాళ ఎవరూ పడుకునేలా లేరు. యూనివర్సిటీ దారి పొడుగునా జట్లు జట్లుగా మంచు బొమ్మలు కడుతున్నారు. తెల్లారేసరికి పూర్తవ్వాలి. లోపల కర్ర గానీ ఇనుప చువ్వ గానీ ఉండకూడదు. అంతా మంచే, నీళ్లే. మా జట్టుది పడవ. నాకిచ్చిన పని బకెట్లతో నీళ్లు మోయడం. చేతి తొడుగు తడిసి బకెట్ పిడికి అతుక్కుపోతే, తొడుగు అక్కడే వదిలేసి చెయ్యి లాక్కున్నాను.

1922లో ఒక్క రాత్రి వేడుకగా మొదలైన కార్నివాల్ ఇది. బొమ్మలు 1936లో వచ్చి చేరాయట. ఊరికి ఉత్తరాన రోడ్డు పక్కన మంచు కొలబద్ద ఒకటి ఉంది. 1978-79 చలికాలంలో 390.4 అంగుళాలు, అంటే 32 అడుగుల పైమాటే. అది చూశాక, వీళ్లు ఈ మంచుతో ఆడుకోకపోతే పిచ్చెక్కిపోయేవాళ్లేమో అనిపించింది.

ఫిబ్రవరి 6, గురువారం

పగలంతా నిద్ర. సాయంత్రం మా కరీంనగర్ రూమ్మేట్ హెచ్చరిక: "రేపు బ్లాక్‌లైట్ పార్టీకి తెల్లయే ఏసుకోవాలె, యాదుంచుకో అక్కా. ఆ లైట్ల కింద పళ్లు గూడ మెరుస్తయ్."

నా దగ్గరున్న తెల్లది ఒక్కటే, సంక్రాంతికి అమ్మ పంపిన నూలు కుర్తీ. ఇంకా తొడగలేదు. అంచున పసుపు పెట్టి మరీ పంపింది.

ఫిబ్రవరి 7, శుక్రవారం (రాసేసరికి శనివారం అయిపోయింది)

నేలమాళిగ హాలు. గుమ్మం దగ్గర బూట్ల గుట్ట, కోట్ల గుట్ట. లోపల మామూలు దీపాలన్నీ ఆర్పేసి ఊదా రంగు బల్బులు పెట్టారు. అడుగు పెట్టగానే మనుషులు కనిపించరు, చొక్కాలు కనిపిస్తాయి. మెడలేని చొక్కాలు, కాళ్లు లేని తెల్ల మేజోళ్లు, మధ్యలో పళ్లు.

ఇది సబ్బుల మహిమ. సబ్బుపొడిలో కలిపే తెలుపు మందు కంటికి కనబడని అతినీలలోహిత కిరణాన్ని పీల్చుకుని నీలం వెలుగుగా వదులుతుంది. ఇంట్లో అమ్మ వేసే నీలిమందుది వేరే పని. బట్టలో పాతపడిన పసుపు ఛాయను నీలంతో కప్పడం తప్ప అది వెలగదు. నా కుర్తీ సబ్బు మొహమే చూడలేదు, అయినా వెలిగింది. మిల్లులోనే ఆ మందు పట్టించి ఉంటారు. ఒకబ్బాయి వాళ్ల బామ్మ అల్లిన తెల్ల ఉన్ని స్వెటర్ వేసుకొచ్చాడు. అది గోనెసంచిలా మసగ్గా ఉండిపోయింది. పాపం, హాల్లో అందరికంటే ఖరీదైన బట్ట అదే అనుకుంటా. నల్ల టీషర్టు వేసుకొచ్చి తప్పించుకుందామనుకున్న ఇంకొకడి ఒంటినిండా నూలు పోగులు మెరిసిపోయాయి.

నా అంచున ఉన్న పసుపు బొట్టు మాత్రం ఆ నీలంలో ఆకుపచ్చ కలిసిన పసుపుగా విడిగా కనబడింది. ఎవరో అమ్మాయి వంగి చూసి, "ఇదేం పెయింటు?" అంది. వంటింటిదని చెప్పాను. నమ్మలేదు.

పాటలు బొత్తిగా బాగాలేవు. అన్నీ ఒకే దడదడ. అయినా ఆడాను. నేను ఆడడమా! ఆ వెలుగులో తెల్ల మొహమైనా చామనఛాయ మొహమైనా ఒకే ఊదా మసక. ఎవరు ఎవరో పోల్చుకోవడం కష్టం. మూడేళ్ల పిల్లలా గంతులేశాను, అడిగినవాడు లేడు. కాలేజీ ఫ్రెషర్స్ పార్టీలో గోడకు ఆనుకుని నిలబడిన మనిషినే నేను.

మధ్యలో జియాలజీ చదివే కుర్రాడొకడు జేబులోంచి బూడిద రంగు గులకరాయి తీశాడు. పార్టీ బల్బుల కింద అది ఏమంత వెలగలేదు. తర్వాత తన టార్చి వేశాడు, 365 నానోమీటర్లదట. రాయి నిండా నిప్పుల గీతలు! పగుళ్లలో సోడలైట్ ఉండటం వల్ల అలా కాషాయంగా రాజుకుంటుందట. వాటిని 'యూపర్‌లైట్లు' అంటారు. లేక్ సుపీరియర్ ఒడ్డున ఈ వెలుగును 2017లో ఎరిక్ రింటమాకి అనే ఆయన కనిపెట్టాడు. ఎప్పుడో మంచుయుగంలో హిమానీనదాలు కెనడా నుంచి ఇక్కడిదాకా ఈడ్చుకొచ్చి పడేసిన రాళ్లు. జనం ఎన్నాళ్లుగానో వాటి మీద నడుస్తూనే ఉన్నారు, పగలు చూస్తే మామూలు గులకరాళ్లే. ఆ రాయిని నాకు అమ్ముతావా అని అడిగాను. నవ్వి జేబులో వేసుకున్నాడు.

ఫిబ్రవరి 8, శనివారం

కాళ్ల నొప్పులు. రాత్రి కాలువ అవతల మాంట్ రిప్లీ కొండ మీంచి దీపాలు పట్టుకుని స్కీయింగ్ చేస్తూ దిగారు. తర్వాత బాణసంచా. చూశాను గానీ మనసంతా ఆ రాయి మీదే.

ఫిబ్రవరి 9, ఆదివారం

అమ్మకు ఫోన్. "చీకట్లో డాన్సేటే? మరి నిన్నెవరు చూశారు?" అని నవ్వింది. మంచులో తడిసి పసుపు బొట్టు చెదిరి అంచంతా పాకిందని చెప్పాను.

"సబ్బెట్టి ఊరికే రుద్దకు. ఉతికి ఎండలో ఆరెయ్, అదే పోద్ది."

నిజమే, ఎండలోనూ ఆ కిరణాలే ఉంటాయి. పసుపును వెలిగించేవీ అవే, విరగ్గొట్టేవీ అవే. కానీ ఎండేదీ! ఇక్కడ సూర్యుడు కనబడి వారం దాటింది. ఉతికి హీటరు మీద ఆరేశాను. మచ్చ అలాగే ఉంది.