ఆ గాలి ఎవరిది?

2020 వేసవి. లాక్‌డౌన్ రోజులు. మందిరం తలుపులు మూసి ఉన్నాయి. ఆదివారపు ఆరాధన ఫోనులో జరుగుతోంది. కాశీబుగ్గలో మా వీధిన తిరిగే జీడి పిక్కల లారీలు కూడా ఆగిపోయాయి. నేను బడిపంతుల్ని, బడి లేదు. మా అబ్బాయి పదవ తరగతి, పరీక్షలు వాయిదా పడ్డాయి. వాడు పొద్దస్తమానం కంప్యూటరు ముందే కూర్చునేవాడు.

ఒకరోజు మజ్జిగ గ్లాసు ఇవ్వబోయి వాడి కుర్చీ వెనుక నిలబడ్డాను. తెరమీద వేలెడేసి మనుషులు ఒక గుడి చుట్టూ చేరి దండాలు పెడుతున్నారు.

"ఏటిరా ఇది?"

"మొక్కుతున్నారు నాన్నా. మొక్కితేనే అనుగ్రహం పెరుగుతాది."

"ఎవరికి మొక్కుతున్నారు?"

"జ్యూస్‌కి."

నాకు పళ్లరసం గుర్తొచ్చింది. తర్వాత వాడు వివరించాడు. గ్రీకుల పెద్ద దేవుడట. అపొస్తలుల కార్యముల గ్రంథంలో లుస్త్ర పట్టణస్థులు బర్నబాను చూసి ద్యుపతి అనుకున్నారు కదా, ఆ ద్యుపతే ఈయన. నా గుండె జారిపోయింది. ప్రతి రాత్రి కుటుంబ ప్రార్థన జరిగే ఇంట్లో ద్యుపతికి దండాలా? వెంటనే ఆ వైరు పీకేద్దామనుకున్నాను. మా ఇల్లాలు ఆపింది. "పీకడం ఎంతసేపండీ? ముందు వాడేం చేస్తున్నాడో చూడండి" అంది. ఆ మాట విన్నందుకు ఇప్పటికీ దేవుని స్తుతిస్తాను.

ఆ ఆట పేరు ఏజ్ ఆఫ్ మైథాలజీ. అమెరికాలోని టెక్సాస్‌లో ఉండిన ఎన్సెంబుల్ స్టూడియోస్ వారు 2002లో తయారుచేశారు. గ్రీకులు, ఐగుప్తీయులు, ఉత్తర ఐరోపా నార్స్ ప్రజలు అందులో ఊళ్లు కట్టుకుని యుద్ధాలు చేస్తారు. దేవతల అనుగ్రహం సంపాదించడానికి గ్రీకులు గుడిదగ్గర మొక్కాలి, ఐగుప్తీయులు స్మారక స్తంభాలు కట్టాలి, నార్సులు యుద్ధం చేయాలి. అలా పేరుకున్న అనుగ్రహంతో వింత మృగాలను తెచ్చుకోవచ్చు. పైగా ఒక్కో దేవత ఒక్కో శక్తి ఇస్తుంది. ఐగుప్తీయుల పక్షాన పాముల తెగులు, మిడతల దండు, సుడిగాలి కూడా ఉన్నాయి. ఆ శక్తిని శత్రువు ఊరిమీదికి వదలాలి.

విన్నకొద్దీ నాకు నవ్వు, దిగులు రెండూ కలిగాయి. ఇంత మొక్కితే ఇంత అనుగ్రహం, ఇంత అనుగ్రహానికి ఇంత ఫలితం! పరీక్ష పాసైతే కానుక వేస్తానని నేనూ చిన్నప్పుడు బేరమాడినవాణ్ణే.

అయితే మావాడికి ఆట ఆడటంకంటే ఆట కట్టడం ఇష్టం. ఆ ఆటతోపాటే పటాలు, కథలు సొంతంగా తయారుచేసుకునే పనిముట్టు ఒకటి వస్తుంది. ముందు నేల పరచాలి. ఇసుక, గడ్డి, నీరు రంగులు పూసినట్టు పూయాలి. కొండను ఎత్తు లేపాలి. చెట్లు, ఇళ్లు, మనుషులు ఒక్కొక్కటే పెట్టాలి. వాడు పెట్టింది మా ఉద్దానమే. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానమైందని మా పెద్దలు చెప్పేవారు. పడమటి మూల మహేంద్రగిరి, అక్కడినుంచి దిగి బారువ దగ్గర సముద్రంలో కలిసే మహేంద్రతనయ, తీరం వెంబడి తోటలు. కొబ్బరికి బదులు ఐగుప్తు ఈతచెట్లు. జీడిచెట్టు ఆ ఆటలో లేదు, ఓక్ చెట్టుతో సరిపెట్టాడు. కొండమీద ఒక గ్రీకు వీరుణ్ణి నిలబెట్టి పరశురాముడన్నాడు. మహేంద్రగిరిమీద పరశురాముడు తపస్సు చేశాడని మా ప్రాంతమంతా చెప్పుకునే కథ. కుంతి, భీముడు, ధర్మరాజుల పేర్లతో అక్కడ పాతగుళ్లు ఉన్నాయి. పక్కింటి స్నేహితుడు అడిగితే పెట్టానన్నాడు.

నేను ఊరుకున్నాను. కథ తెలుసుకోవడం వేరు, మొక్కడం వేరు. ఏథెన్సులో పౌలు కళ్లు మూసుకుని తిరగలేదు, బలిపీఠాలమీది రాతలు కూడా చదివాడు.

ఇక కథ నడవాలంటే "ఇది జరిగితే అది జరగాలి" అని ఒక్కొక్క సంగతీ అమర్చాలి. ఇన్ని క్షణాలు గడిస్తే గాలి రావాలి. ఫలానా మనిషి జెండా దగ్గరికి చేరితే గెలుపు. ఒక రాత్రి వాడు సుడిగాలిని అమరుస్తూ ఆగిపోయాడు.

"నాన్నా, ఇక్కడ ఆటగాడి అంకె వెయ్యాలి. ఈ గాలి ఎవరి పేరున రాయమంటావు?"

"శత్రువు పేరున రాయి."

"మన ఊరికి శత్రువెవరు? తిత్లీకి ఎవరి పేరు రాస్తావు?"

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా పలాస దగ్గరే తీరం దాటింది. గాలి గంటకు 140, 150 కిలోమీటర్ల వేగం. అప్పుడు మేము వజ్రపుకొత్తూరు మండలంలోని మా ఊళ్లో అమ్మ దగ్గర ఉన్నాం. మా నాన్న నాటిన కొబ్బరిచెట్లు నలభై రెండు ఉండేవి. తెల్లారేసరికి ఐదు మిగిలాయి. జీడితోట వేళ్లతో సహా పైకి లేచింది. మావాడి స్నేహితుడి ఇల్లు కూలింది. ఆ కుటుంబం పనికోసం ఊరు విడిచిపోయింది, వాడు మళ్లీ బడికి రాలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు, ఇంకా కరెంటు రాకముందే, మా ఇంట్లో లాంతరు వెలుగులో ప్రార్థన పెట్టుకున్నాం. వచ్చిన పెద్దలొకరు ఇది దేవుని తీర్పు, ఈ ప్రాంతపు పాపానికి శిక్ష అన్నారు. పక్క వీధిలో అమ్మవారికి పండుగ లోపమైందని అనుకున్నారు. రెండూ ఒకే మాటని అప్పుడు నాకు తట్టలేదు.

"ఆ రోజు అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది నువ్వే నాన్నా" అన్నాడు అబ్బాయి. "వాడి ఇల్లు పడింది, మనది నిలబడింది. వాడేం పాపం చేశాడని అప్పట్నించి అడుగుదామనుకున్నాను."

పదమూడేళ్ల పిల్లవాడు ఆ ప్రశ్నను రెండేళ్లు కడుపులో దాచుకున్నాడు. నాకు జవాబు రాలేదు. పడుకోమని చెప్పి లేచిపోయాను.

ఆ రాత్రి లూకా సువార్త పదమూడవ అధ్యాయం తీశాను. సిలోయము గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిదిమందీ మిగిలినవారికంటే పాపులా అని ప్రభువు అడిగి, కాదని తానే చెప్పాడు. మొదటి రాజుల గ్రంథంలో ఏలీయా ముందు కొండలను బద్దలుకొట్టే గాలి వీచింది, కాని యెహోవా ఆ గాలిలో లేడు. ఈ రెండు భాగాలు నేను ఎన్నిసార్లు చదివి ఉంటానో! పాఠం చెప్పడానికి చదివాను గాని, మా తోటలో నిలబడి చదవలేదు.

తెల్లవారి వాడి దగ్గర కూర్చున్నాను. "బాబూ, ఆ రోజు నేను ఆమేన్ అనడం తప్పు. మీ స్నేహితుడి ఇల్లు వాళ్ల పాపంవల్ల పడలేదు. బడిలో నేను చెప్పే పాఠమే, వానాకాలం తర్వాత వెచ్చని బంగాళాఖాతంలో వాయుగుండాలు పుడతాయి. దేవుడు ఎందుకు ఆపలేదంటే నాకు తెలియదు. శిక్షించడానికే పంపాడని మాత్రం ఇక అనను" అన్నాను.

వాడు కాసేపు తెరవైపే చూశాడు. "అయితే సున్నా వేస్తాను నాన్నా. సున్నా అంటే ఆటలో ప్రకృతి. ఎవరి పక్షమూ కాదు" అన్నాడు.

ఆ తర్వాత గెలుపు షరతు కూడా మార్చాడు. శత్రువును చంపడం తీసేశాడు. గాలి వచ్చేలోగా ఊరివాళ్లంతా మెట్టమీది జెండా దగ్గరికి చేరాలి. ఒక్కరు తగ్గినా ఓటమే. మొదట వాడే గెలవలేకపోయాడు. సమయం పెంచి, దారి వెడల్పు చేసి, మళ్లీ మళ్లీ ఆడి చూసి సరిచేశాడు.

నన్నూ ఆడమన్నాడు. మౌసు పట్టడం రాని చేతులతో ఆడాను. అలవాటుగా మొదట తోటవైపు మనుషుల్ని పంపాను. ఇంతలో గాలి వచ్చేసింది.

"నాన్నా, ఇంటిదగ్గర ముసలమ్మ ఉండిపోయింది."

వెనక మంచంమీద కూర్చున్న మా అమ్మ వింటోంది. "ఆ రోజూ అంతే కదేటి" అంది నవ్వుతూ.

నిజమే. తిత్లీ రాత్రి నేను మోటారు షెడ్డు రేకులు కట్టడానికి తోటకు పరిగెత్తాను. అమ్మ, ఇల్లాలు, పిల్లవాడు మంచం కింద దూరి ప్రార్థించుకున్నారు. నేను తిరిగొచ్చేసరికి వంటింటి పెంకులు లేచిపోతున్నాయి. అమ్మ ఆ సంగతి అంతకుముందెన్నడూ ఎత్తలేదు. నేను వెళ్లి ఆమె పాదాల దగ్గర కూర్చున్నాను.

మా అబ్బాయి టెక్కలిలో చదువుకుని ఇప్పుడు విశాఖలో పని చేస్తున్నాడు. 2024లో ఆ ఆట కొత్త రూపంలో వచ్చిందని, మన ఊరిని మళ్లీ మొదటినుంచి కడుతున్నానని ఫోను చేశాడు. "ఈసారి స్నేహితుడి ఇల్లు మెట్టమీద పెడుతున్నాను" అన్నాడు. మిగిలిన ఐదు చెట్ల మధ్య మేము వేసిన మొక్కలు నా ఎత్తు దాటాయి.

తల్లిదండ్రులారా, పిల్లల చేతిలోది లాక్కునేముందు ఒక్కసారి వారి కుర్చీ వెనుక నిలబడి చూడండి. మనం ఎప్పుడో అనేసి మరచిపోయిన మాట ఒకటి అక్కడ మన జవాబుకోసం ఎదురుచూస్తూ ఉండవచ్చు.