ఆయిల్ బిల్లు ఉందా?

టెక్సస్‌లోని ఇర్వింగ్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి మెకార్థర్ బులెవార్డ్, వ్యాలీ రాంచ్, థామస్ జెఫర్సన్ పార్కులో గాంధీ విగ్రహం. ఇండియా నుంచి చుట్టాలొస్తే లాస్ కొలినాస్ తీసుకెళ్లి, నీళ్లలో పరుగెత్తే తొమ్మిది కంచు గుర్రాల దగ్గర నిలబెట్టి ఫొటో తీస్తాం. 183 హైవేకు దక్షిణాన పాత ఇర్వింగ్ ఒకటుందని, అక్కడ మెకానిక్ షెడ్లున్నాయని బండి మొరాయిస్తే తప్ప తెలియదు. వారంటీ తీరిన కార్లు చివరికి చేరేది అక్కడికే. తెలిసినవాళ్లలో ఎవరి ఇంజను పోయినా ఒకే షెడ్డు పేరు చెబుతున్నారు. అదేమిటో చూద్దామని ఒక శనివారం పొద్దున వెళ్లాను.

షెడ్డు యజమానిది కృష్ణా జిల్లా. చదువు అబ్బక చిన్నప్పుడే విజయవాడ ఆటోనగర్‌లో లారీల కింద దూరి పని నేర్చుకున్నాడు. అక్క పెట్టిన పిటిషన్ మీద ఇక్కడికొచ్చి, కొన్నాళ్లు టైర్ల షాపులో చేసి, తర్వాత సొంతంగా పెట్టుకున్నాడు. పనివాళ్లంతా మెక్సికో వాళ్లు. ఆయనకు ఇంగ్లీషు కన్నా స్పానిష్ బాగా వచ్చు. పేరు మాత్రం రాయొద్దన్నాడు. "డీలర్లతో రోజూ పనుంటదండీ, ఎందుకొచ్చిన గొడవ."

లిఫ్టు మీద ఒక సెడాన్ ఉంది. ఏ కంపెనీదో నేనూ రాయను. కుర్రాడొకడు కిందికి దూరి డ్రెయిన్ బోల్టు విప్పాడు. పళ్లెంలోకి జారిన నల్లటి ఆయిల్ మీద టార్చి కొట్టేసరికి సన్నటి మెరుపులు కనిపించాయి. యజమాని ఒక చుక్క తీసి నా వేళ్ల మీద వేశాడు. నలిపితే గరుకు కూడా తగలనంత సన్నం. "ఇది బేరింగండీ. ఉండాల్సిన చోట లేదు, ఆయిల్లోకొచ్చేసింది."

బాల్ బేరింగు కాదు. బల్ల మీది డబ్బాలోంచి తీసి చూపించాడు: నెలవంకలా వంగిన పల్చటి రేకు. పిస్టన్‌ను క్రాంకుతో కలిపే కనెక్టింగ్ రాడ్డు అడుగు చివర ఇలాంటి రేకులు రెండు కలిసి క్రాంకును చుట్టుకుని ఉంటాయి. రేకుకూ క్రాంకుకూ మధ్య ఆయిల్ పొర మాత్రమే ఉండాలి, లోహం లోహానికి తగలకూడదు. ఆ ఆయిల్ క్రాంకులో తొలిచిన సన్నటి రంధ్రాల గుండా వస్తుంది. ఫ్యాక్టరీలో రంధ్రం తొలిచినప్పుడు రాలిన పొట్టును సరిగ్గా కడిగేయకపోతే అది ఆయిల్‌తోపాటే తిరిగి, ఎక్కడో ఒకచోట దారికి అడ్డం పడుతుంది. పొర తెగిపోతుంది, రేకు అరుగుతుంది, ఇంజను టక్ టక్‌మంటుంది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఆ చప్పుడూ జోరందుకుంటుంది. అప్పటికీ ఆపకుండా నడిపితే రాడ్డు విరిగి బ్లాకును పొడుచుకుని బయటికొస్తుంది. కాలిన ఎగ్జాస్టు మీద ఆయిల్ పడితే మంటే.

ఆటోనగర్‌లో అయితే ఇంజను దింపి, క్రాంకు గ్రైండింగుకు పంపి, కొత్త బేరింగులు వేసి, అవసరమైతే బోరు కొట్టించి బిగించేవాడినన్నాడు. ఇక్కడ కూలి రేటుకు ఆ పని గిట్టదు. పాత కార్ల యార్డు నుంచి ఇంకో ఇంజను తెచ్చి ఎక్కించడమే. ఈ సెడాన్‌కు ఆయన చెప్పిన అంచనా ఆరు వేల డాలర్ల పైమాటే, కారు కొన్న ధర కూడా దాదాపు అంతే. "పైగా ఆ యార్డు ఇంజను కూడా అదే మోడల్‌ది కదండీ. అదే జబ్బు దానికీ ఉండొచ్చు."

అమెరికాలో ఈ జబ్బుకు పేరుమోసింది హ్యుందాయ్, కియా కార్లలోని థీటా-2 ఇంజను. 2015 సెప్టెంబరులో 2011, 2012 మోడల్ సొనాటాలు సుమారు 4 లక్షల 70 వేలు రీకాల్ చేశారు. క్రాంకులో మిగిలిపోయిన లోహపు తునకలే కారణమన్నారు. 2017 మార్చిలో ఆప్టిమా, సొరెంటో, స్పోర్టేజ్, శాంటాఫే స్పోర్ట్ కూడా కలిపి ఇంకో 12 లక్షల దాకా బండ్లు చేరాయి. ఈ రెంటి మధ్య, 2016లో, హ్యుందాయ్ ఇంజనీరు కిమ్ గ్వాంగ్-హో కంపెనీ లోపలి కాగితాలతో అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ దగ్గరికి వెళ్లాడు. సమస్య ఎంత ఉందో అంత చెప్పలేదన్నది ఆయన ఫిర్యాదు. ఉద్యోగం పోయింది. 2020 నవంబరులో రెండు కంపెనీలూ జరిమానాలు, భద్రత మీద పెట్టాల్సిన ఖర్చులు కలిపి 21 కోట్ల డాలర్లకు ఒప్పుకున్నాయి. మరుసటి ఏడాది కిమ్‌కు 2 కోట్ల 40 లక్షల డాలర్లకు పైగా పారితోషికం దక్కింది. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ఇలాంటి పారితోషికం ఇవ్వడం అదే మొదలు.

అదే 2021లో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు ఒక ఒప్పందాన్ని ఆమోదించింది. దాని కింద ఆ ఇంజన్ల షార్ట్ బ్లాకుకు, అంటే క్రాంకు, రాడ్లు, పిస్టన్లు ఉండే కింది భాగానికి, జీవితకాల వారంటీ వచ్చింది. బండి చేతులు మారినా వర్తిస్తుంది. కాకపోతే చప్పుడును ముందే పసిగట్టే నాక్ సెన్సర్ సాఫ్ట్‌వేర్ వేయించుకుని ఉండాలి. చప్పుడు మొదలైతే చెక్ ఇంజన్ లైటు మిణుకుమిణుకుమంటుంది, బండి వేగాన్ని తనే కట్టేసుకుంటుంది. రెండో ఓనరుకు కూడా వర్తించడం చిన్న విషయం కాదు. అమెరికాలో హ్యుందాయ్ చాటుకునే పదేళ్లు, లక్ష మైళ్ల వారంటీ కొత్తగా కొన్న మొదటి ఓనరుకే. చేతులు మారితే అది అయిదేళ్లు, 60 వేల మైళ్లకు కుదించుకుపోతుంది. మన విద్యార్థులు కొనేవన్నీ చేతులు మారిన బండ్లే.

కొరియా వాళ్లనే అనడం న్యాయం కాదు. ఇక్కడికి దగ్గర్లోని ప్లేనోలో అమెరికా ప్రధాన కార్యాలయం ఉన్న టయోటా 2024లో లక్షకు పైగా టండ్రాలను, లెక్సస్‌లను ఇలాంటి పొట్టు కారణంగానే రీకాల్ చేసింది. పక్కనే అర్లింగ్టన్ ఫ్యాక్టరీలో టాహోలు, సబర్బన్‌లు తయారుచేసే జనరల్ మోటార్స్ 2025 ఏప్రిల్‌లో తన 6.2 లీటర్ల వీ8 ఇంజన్ల కోసం అమెరికాలోనే దాదాపు 6 లక్షల బండ్లను పిలిచింది. తనిఖీలో నెగ్గిన బండికి ఇంకాస్త చిక్కటి ఆయిల్ పోసి పంపించడం ఆ రీకాల్‌లో చెప్పిన మందు. ఆ మాట వినగానే మా యజమాని నవ్వాడు. "మా గురువు లారీలకు చేసిందీ అదే."

సెడాన్ తాలూకు అబ్బాయి అప్పుడే వచ్చాడు. వరంగల్ పిల్లాడు, ఎమ్మెస్ చదువుతున్నాడు. ఇండియా వెళ్లిపోతున్న సీనియర్ దగ్గర కొన్నాడు. 635 హైవే మీద పోతుంటే చప్పుడు మొదలైందట. లోపం ఉందని కంపెనీ ఒప్పుకుని వారంటీ పొడిగించిన మోడలే అది. డీలర్ దగ్గరికి వెళ్తే మొదటి ప్రశ్న, ఆయిల్ మార్పించిన బిల్లులున్నాయా అని.

"నేనే మార్చిన అన్నా, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌ల. బిల్లెక్కడిది?"

"ఆయిల్ కొన్న బిల్లు, ఫిల్టర్ కొన్న బిల్లు చాలు తమ్ముడూ. కార్డుతో కొన్నావా?"

కార్డుతోనే కొన్నాడు. బ్యాంకు యాప్ తెరిచాడు. యజమాని పక్కన కూర్చుని తేదీలు చెప్పించుకుంటూ, ఏ తేదీకి ఎన్ని మైళ్లో ఒక తెల్ల కాగితం మీద రాయించాడు. సొంతంగా మార్చుకున్నా, బయటి షెడ్డులో మార్పించుకున్నా ఆ ఒక్క కారణంతో వారంటీ కొట్టేయడానికి లేదు. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం అలా ఉంది. మార్చినట్టు చూపించగలగాలి, అంతే. సీనియర్ కాలం నాటివి మాత్రం ఈ అబ్బాయి దగ్గర ఒక్కటీ లేవు. హైదరాబాద్‌లో అప్పటికి రాత్రి ఎనిమిదిన్నర. ఫోన్ చేస్తే ఆ సీనియర్ పెళ్లి విందులో ఉన్నాడు. బాజాల మధ్యే పాత ఈమెయిళ్లు వెతికి, దొరికిన రశీదులు పంపాడు. మంచివాడు. అందరికీ అలాంటి సీనియర్ దొరకడు.

ఇంకో బేలో వ్యాలీ రాంచ్ దంపతుల ఎస్‌యూవీ ఉంది. దాని జబ్బు వేరు, ఆయిల్ తాగుతోంది. వెయ్యి మైళ్లకు క్వార్టు చొప్పున పోస్తున్నారట. కింద ఒక్క చుక్క కారదు, పిస్టన్ రింగుల పక్కనుంచి పైకెక్కి కాలిపోతుంది. డీలర్ దగ్గర దీనికో పరీక్ష ఉంది. ఆయిల్ నిండా పోసి, డ్రెయిన్ బోల్టుకూ డిప్‌స్టిక్‌కూ సీలు వేసి, వెయ్యి మైళ్ల తర్వాత తెమ్మంటారు. తగ్గిన ఆయిల్ కంపెనీ పెట్టిన హద్దు దాటితేనే కేసు. వీళ్లది వెంట్రుకవాసిలో ఆగింది. మళ్లీ వెయ్యి మైళ్లు తిప్పమన్నారు. ఈలోగా వారంటీ మైళ్లు అయిపోయాయి. ఆవిడ కస్టమర్ కేర్‌కు ఫోన్ల మీద ఫోన్లు చేసి, కేసు నంబరు పట్టుకుని వదలకపోతే, ఆఖరికి 'గుడ్‌విల్' కింద విడిభాగాల ఖర్చు కంపెనీ భరిస్తుందని, కూలి మీరు కట్టుకోమని అన్నారు. "అడగనివాళ్లకు ఆ మాత్రం కూడా రాదండీ" అంది ఆవిడ. షెడ్డులో ఆ రోజు విన్నవాటిలో నాకు అన్నిటికన్నా కోపం తెప్పించిన మాట అది. లోపం తమదేనని తెలిసిన కంపెనీ నోరున్నవాడికి సగం, లేనివాడికి సున్నా ఇవ్వడం దయ ఎలా అవుతుంది? తప్పు ఫ్యాక్టరీలో జరిగిందని కాగితం మీద ఒప్పుకున్నాక కూడా రుజువు బరువు కొన్నవాడి నెత్తినే ఉంటోంది. పాత బండి, చేతులు మారిన బండి, చేతిలో డబ్బులేని ఓనరు ఒకచోట కలిస్తే రుజువులూ అక్కడే తక్కువుంటాయి.

లోపాలున్న బండి కొన్నవాళ్లను ఆదుకునే టెక్సస్ లెమన్ చట్టం వీళ్లకు అక్కరకు రాదు, అది ప్రధానంగా కొత్త బండ్లకు. సెకండ్ హ్యాండ్ డీలర్ అద్దానికి అంటించే కాగితంలో 'ఉన్నది ఉన్నట్టు' అని టిక్కు పెట్టి ఉంటే అతణ్ని పట్టుకోవడమూ కష్టమే. మిగిలేది జస్టిస్ కోర్టు. 20 వేల డాలర్ల దాకా లాయరు లేకుండానే కేసు వేసుకోవచ్చు. దానిదాకా వెళ్లినవాళ్లు మా యజమానికి తెలిసినంతలో తక్కువ. వీసా మీద ఉన్న పిల్లలు కోర్టు మాట ఎత్తితేనే జంకుతారు, అందులో భయపడాల్సింది ఏమీ లేకపోయినా.

తర్వాతి వారం ఆ వరంగల్ అబ్బాయి ఫోన్ చేశాడు. డీలర్ బిల్లులు తీసుకుని ఇంజను విప్పి చూడ్డానికి ఒప్పుకున్నాడట. లోపం తేలకపోతే విప్పిన కూలి తనే కట్టాలని సంతకం పెట్టించుకున్నారట. అప్పటికింకా ఏమీ తేలలేదు.

పాత కారు కొనేముందు అద్దం కింద కనిపించే 17 అక్షరాల విన్ నంబరును ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్లో కొట్టి చూడండి, ఆ బండికి బాకీ ఉన్న రీకాల్ ఉంటే అక్కడే కనిపిస్తుంది, డబ్బేమీ అడగరు. కంపెనీలు డీలర్లకు పంపే సర్వీసు బులెటిన్లూ అక్కడే దొరుకుతాయి. వారంటీ ఉన్నా లేకపోయినా మీ ఫిర్యాదు అక్కడ నమోదు చేయండి, దర్యాప్తులు మొదలయ్యేది చాలాసార్లు అలాంటి ఫిర్యాదులు పోగుపడ్డాకే. ఇండియా వెళ్లిపోతూ బండి అమ్ముతున్నవాళ్లు మాత్రం తాళాలతోపాటు ఆయిల్ బిల్లులు కూడా కొన్నవాళ్లకు ఈమెయిల్ చేసి విమానం ఎక్కండి.