పళ్ళూడితే మతి పోతుందా?

పెద్దవాళ్ళ ఆరోగ్యం గురించి మనం అడిగే ప్రశ్నల లిస్టు అందరిళ్ళలోనూ దాదాపు ఒకటే. షుగరెంతుంది, బీపీ మాత్ర వేసుకున్నావా, మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయి. నోట్లో పళ్ళెన్ని మిగిలాయని అడిగేవాళ్ళు అరుదు. వయసు మీదపడితే పళ్ళూడతాయి, దానికీ బుర్రకీ ఏం సంబంధం అనుకుంటాం. సంబంధం ఉంది.

1937లో పెన్‌ఫీల్డ్, బోల్డ్రీ అనే ఇద్దరు డాక్టర్లు, మెదడు పైపొరలో ఏ చోటు ఒంట్లో ఏ భాగాన్ని చూసుకుంటుందో వివరిస్తూ ఒక బొమ్మ వేశారు. అందులో వీపు మొత్తానికి దక్కింది కొంచెమే. పెదవులకీ, నాలుకకీ మాత్రం బోలెడంత జాగా! పైగా పంటి వేరుకీ ఎముకకీ మధ్య ఉండే సన్నటి పొరలో ఒత్తిడిని పసిగట్టే నాడుల కొసలుంటాయి. అన్నంలో చిన్న రాయి తగిలినా టక్కున తెలిసేది వాటివల్లే. పన్ను పోతే ఆ సెన్సర్లు కూడా పోతాయి. మన భాషలో చెప్పాలంటే, మెదడుకి వచ్చే ఇన్‌పుట్ ఒకటి ఆగిపోతుందన్నమాట.

దీనిమీద జపాన్ వాళ్ళు చాలా పనిచేశారు. చిట్టెలుకలకి దవడ పళ్ళు తీసేసి చూశారు, గట్టి తిండి మానిపించి పొడి పెట్టి చూశారు. జ్ఞాపకాలకి కీలకమైన హిప్పోకాంపస్ దెబ్బతింది, నీళ్ళ తొట్టిలో దారి గుర్తుపెట్టుకోవడం వాటికి కష్టమైంది. 80 ఏళ్ళ వయసులో 20 సొంత పళ్ళుండాలని 1989లోనే ఆ దేశం '8020' అనే ఉద్యమం మొదలుపెట్టింది. 2016 సర్వేకల్లా 80 ఏళ్ళవాళ్ళలో సగం మంది ఆ గీత దాటారు.

ఇక్కడ మనలాంటివాళ్ళకి వెంటనే వచ్చే అనుమానం: కోరిలేషన్ వేరు, కాజేషన్ వేరు కదా? కరెక్టే. మతి తప్పుతున్న మనిషి పళ్ళు తోముకోవడం కూడా మర్చిపోతాడు, అంటే బాణం గుర్తు అటునించి ఇటు కూడా ఉండొచ్చు. పేదరికం, పొగతాగడం, షుగరు రెంటినీ పాడుచేస్తాయి. డిమెన్షియాకి మనం మార్చుకోగలిగిన కారణాలంటూ 2024లో లాన్సెట్ కమిషన్ ఇచ్చిన 14 అంశాల్లో పళ్ళు లేవు. ఒంటరితనం ఉంది. చెవుడు ఉంది.

ఆ ఒంటరితనం అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. మా నానమ్మకి 82. పళ్ళు పోయాక ముందు జంతికలు మానేసింది, తర్వాత జామకాయ, ఆ తర్వాత అందరితో కలిసి భోంచేయడం. నమలడం ఆలస్యమవుతుందని, పెదవుల పక్కనించి కారుతుందని, ముందే ఒక్కతే ఇంత మజ్జిగన్నం పిసుక్కుని తినేసి గదిలోకెళ్ళిపోయేది. మాట తేలిపోతోందని ఫోను కూడా తీసుకునేది కాదు. కట్టుడు పళ్ళ సెట్టు పెట్టిద్దామంటే మా బాబాయి, "ఈ వయసులో ఆవిడకి అవసరమంటావురా?" అన్నాడు. నానమ్మయితే, "ఇంకెన్నాళ్ళుంటానని నాయనా, ఆ డబ్బులు దాచుకో" అంది.

పెట్టించాం. కింది సెట్టు వదులై చిగుళ్ళు ఒరుసుకుపోతే మూడుసార్లు సరిచేయించాల్సొచ్చింది. మతిమరుపు తగ్గిందా అంటే లేదు, నన్నిప్పటికీ మా నాన్న పేరుతోనే పిలుస్తుంది. కానీ అందరితోపాటు కూర్చుని తింటోంది. పప్పులో ఉప్పు తక్కువైందని మా పిన్నితో గొడవ పెట్టుకుంటోంది. ఆ గొడవ మెదడుకి ఎంత వ్యాయామమో కొలిచే స్కాన్ నా దగ్గర లేదు గానీ, గదిలో గోడకేసి చూస్తూ కూర్చోవడం కంటే మేలని చెప్పడానికి స్కాన్ ఎందుకు?

మెదడు సంగతి తేలకపోయినా నోరు శుభ్రంగా ఉంచితే వచ్చే లాభం మాత్రం తేలింది. జపాన్ వృద్ధాశ్రమాల్లో రెండేళ్ళపాటు చేసి 2002లో ప్రచురించిన పరిశోధనలో, రోజూ నోరు శుభ్రం చేసినవాళ్ళకి న్యుమోనియా తక్కువగా వచ్చింది. పళ్ళు లేకపోయినా చిగుళ్ళు, నాలుక తుడవాలి. కట్టుడు పళ్ళు రాత్రి తీసి, కడిగి, నీళ్ళలో వేయాలి. నోరు ఎండిపోతోందంటే వాడుతున్న మాత్రల గురించి డాక్టర్ని అడగాలి.

జపాన్‌లో ముసలివాళ్ళ చేత భోజనానికి ముందు 'ప-త-క-ర' అని గబగబా అనిపిస్తారు. పెదవులు, నాలుక కొస, నాలుక మొదలు అన్నీ కదలాలని. మనకి కంఠ్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు అని వర్ణమాలే ఆ స్థానాల వరసలో ఉంది. మనవడికి అక్షరాలు దిద్దించే పని తాతకో నానమ్మకో అప్పజెబితే సరి. పైసా ఖర్చు లేదు, ఇద్దరికీ పనికొస్తుంది.