ముల్లుకూ టైరుకూ మధ్య

సైన్సు విద్యార్థి రాకెట్ల గురించి రాయాలిగాని సైకిలు టైరు గురించేమిటని కొందరు మిత్రులు నవ్వవచ్చు. మా బారువ తోటదారిలో కొబ్బరికాయల బస్తాలతో సైకిలు తొక్కినవాడెవడూ నవ్వడు.

ఉద్దానం ఇసుకలో పల్లేరుకాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. దానికి తోడు కంచెల్లోంచి రాలే ఈతముళ్ళు, సర్కారు తుమ్మముళ్ళు. సోంపేట చేరేలోగా గాలి దిగిపోతే నాన్న ఆ బరువంతా తోసుకుంటూ నడవాలి. ఈలోగా బేరం దాటిపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా తోటలో సగం చెట్లను కూల్చేసింది. మిగిలిన కాయల్లోంచే నా మెస్ బిల్లు కూడా రావాలి మరి!

1888లో డన్‌లప్ గాలి టైరు చేసిన నాటినుంచీ ముల్లుతో పోరే. గాలే లేని గట్టి టైరుకు పంక్చరుండదు, కాని గతుకుల్లో నడుం విరుగుతుంది. 1965లో స్టెఫనీ క్వోలెక్ కనిపెట్టిన కెవ్లార్ పీచు పొర ఉన్న టైరు మేలైనది, ఖరీదైనది. మందపాటి రబ్బరు టైరు మూడోది. తొక్కడం కాస్త బరువు.

కెవ్లారే కొందామంటే కొలత అడ్డొచ్చింది. ‘28’ అని రాసివున్నవన్నీ ఒకటి కావు. నాన్న నల్ల సైకిలుది 28×1½, అంటే టైరు కూర్చునేచోట రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు. మాకు దొరికిన కెవ్లార్ టైరు 622. తేడా పదమూడు మిల్లీమీటర్లే, కాని రిమ్మెక్కదు! అందుచేత టైరు పక్కన 40-635 అని చూసుకుని, బరువు బళ్ళకమ్మే మందపాటిదే తెచ్చాం.

బిగించబోతుంటే నాన్న ఆపాడు. “ముల్లు బయటే ఉంటాదనుకున్నావేటి? ముందు రిమ్ము తడిమి చూడరా.” నిజమే, పుల్ల కొన ఒకటి లోపలి పట్టీని చీల్చుకొచ్చింది. ఆకురాయితో అరగదీసి, కొత్త పట్టీ వేశాం. టైరు ఒక అంచు ఎక్కించి, కొద్దిగా గాలి కొట్టిన ట్యూబును లోపల పెట్టాం. రెండో అంచును వాల్వుకు ఎదురుగా మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాం. ట్యూబు నలగకుండా చివరి జానెడూ అరచేతులతోనే తోశాం. గాలి మాత్రం నిండుగా ఉండాలి. తగ్గితే బరువుకు ట్యూబు రిమ్ము కింద నలిగి, పాముకాటులా జంట చిల్లులు పడతాయి.

పంక్చర్లు పూర్తిగా పోయాయనను, బాగా తగ్గాయి. ఆ టైరైనా రోజూ సాయంత్రం గుచ్చుకున్న ముళ్ళు తీస్తేనే నిలుస్తుంది. సెలవుల్లో ఇళ్ళకెళ్ళే మిత్రులారా, మీ నాన్నల సైకిలు చక్రం ఒక్కసారి తిప్పి చూడండి. ఏ ముల్లు ఎక్కడుందో!