కింద వెచ్చన, పైన కిర్రు

గోరంట్లలో కూర్చుని నేల వెచ్చబెట్టుకునే కబుర్లు చెబుతానంటే మీకు నవ్వు రావచ్చు. మనకు నేల వెచ్చబడాలంటే మార్చి వస్తే చాలు. తాడిపత్రి బండలు పరిచిన వసారాలో మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేసినవాళ్లకు ఆ భోగం సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఆ వేడికే డబ్బులు పోసి, నేల కింద గొట్టాలు వేయించుకుని, వాటిలో వేడినీళ్లు తిప్పుకునే చలిదేశాలు ఉన్నాయి. మా చెల్లెలి కొడుకు అలాంటి చోటే, అమెరికాలో మిన్నియాపొలిస్ దగ్గర, పాత ఇల్లొకటి కొన్నాడు. పైన ఓక్ చెక్క నేల, కింద వేడినీళ్ల గొట్టాలు. చలికాలం వచ్చేసరికి ఫోను.

"మామా, అడుగేస్తే సద్దు! పాపను నిద్రబుచ్చి దొంగమాదిరి గోడ పక్కన నడుచుకుంటా బయటికొస్తాండా. ఈ వేడి తీసేయిద్దామా?"

వేడి జోలికి పోవద్దన్నాను. దోషం వేడిది కాదు, పొడిదనానిది.

మీరే చూడండి. బయట సున్నాకు పది డిగ్రీలు కింద ఉన్న గాలిలో తేమ ఎనభై శాతం ఉన్నా, ఆ గాలినే లోపలికి తెచ్చి ఇరవై ఒక్క డిగ్రీలకు వేడి చేస్తే తేమ పది శాతం దగ్గరికి పడిపోతుంది. వంట ఆవిరి, మనుషుల ఊపిరి, స్నానాలు కలిసి దాన్ని కాస్త పైకి తెస్తాయనుకోండి. అయినా మన ఏప్రిల్ మధ్యాహ్నపు గాలికి అది ఏమాత్రం తీసిపోదు. చుట్టూ మోకాలెత్తు మంచు, ఇంట్లో మాత్రం గోరంట్ల వేసవి! చెక్క తన చుట్టూ ఉన్న గాలిని బట్టి నీళ్లు తాగుతుంది, వదులుతుంది. గాలిలో తేమ సగం ఉంటే చెక్కలో నీరు తొమ్మిది శాతం చుట్టూ నిలుస్తుంది, తేమ ముప్పైకి దిగితే ఆరుకు వస్తుంది. మూడంగుళాల ఓక్ పలకలో నీరు నాలుగు శాతం తగ్గిందంటే వెడల్పులో సుమారు ఒక మిల్లీమీటరు పోయినట్టే. ఒక్క పలకకు అదేమంత లెక్క కాదు. గది నిండా పలకలే కదా! మేకు పట్టు వదులుతుంది, కాలు పడగానే పలక కిందికి దిగి మేకును రాసుకుంటూ మళ్లీ పైకి లేస్తుంది. ఆ రాపిడే మావాడి సద్దు.

ఇది మన పల్లెల్లో బండి కట్టిన ప్రతివాడికీ తెలిసిన విద్యే. ఎండలు ముదిరితే బండి చక్రం చెక్క కుంచించుకుపోయేది. పైనున్న ఇనుప పట్టా వదులై, ఆకులు కదిలి, బండి నడిచినంతసేపూ ఒకటే కిరకిర. అప్పుడేం చేసేవాళ్లు? చక్రాన్ని తీసి నీళ్లలో నానబెట్టేవాళ్లు. చిత్రావతిలో నీళ్లుంటే చిత్రావతిలో, లేకుంటే బావికాడ తొట్టిలో (ఎక్కువసార్లు తొట్టిలోనే లెండి). చెక్క ఉబ్బి పట్టాను మళ్లీ బిగబట్టేది. ఇరుసుకు కందెన వేరే. ఆముదంలో కాలిన గడ్డి మసి కలిపి పూసేవాళ్లు. ఈ రెండింటి తేడా తెలిసినవాడికి నేల రిపేరు సగం తెలిసినట్టే. కందెన రాపిడిని తగ్గిస్తుంది, తేమ వదులును తగ్గిస్తుంది. మావాడు పలకల సందుల్లో ముఖం పౌడరు చల్లి రెండు రోజులు హాయిగా ఉన్నాడు, మూడో రోజు సద్దు మళ్లీ మొదలు. పౌడరు చేసేది కందెన పనే మరి. గ్రాఫైటు పొడి ఇంకొన్నాళ్లు నిలుస్తుంది కానీ లేతరంగు చెక్క మీద నల్లమరక పడుతుంది. అసలు మందు గాలిలో తేమ పెట్టే యంత్రం. శీతాకాలంలో ఇంటి తేమను నలభై దగ్గర నిలబెట్టగలిగితే సగం సద్దు దానంతటదే పోతుంది. మరీ పెంచితే కిటికీ అద్దాల మీద నీరు కారి ఇంకో తంటా.

నేల వెచ్చబెట్టడమనే విద్యలో ఆరితేరినవాళ్లు ఇప్పుడు మనకు పొరుగువాళ్లే. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో మొదలైంది, దాంతో కొరియా వాళ్లు వచ్చారు, కొరియా అన్నం దొరికే హోటళ్లూ వచ్చాయి. వాళ్ల పాత ఇళ్లలో ఒండోల్ అని ఉంటుంది. వంటపొయ్యి ఇంటికి ఒక పక్కన, పొగగొట్టం ఇంకో పక్కన. పొయ్యి వేడి, పొగ నేల కింది కాలువల్లోంచి పారి బయటికి పోవాలి. ఆ కాలువల మీద పలకరాళ్లు, రాళ్ల మీద మట్టి, మట్టి మీద నూనె పట్టించిన కాగితం. వండిన మంటే పడకనూ కాస్తుంది. అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ జపాన్‌లో అలాంటి గదిలో కూర్చుని ముచ్చటపడి, తర్వాత తాను కట్టిన ఇళ్లలో నేల కింద వేడి గొట్టాలు పరిపించాడు.

మావాడికి నేను గుర్తుచేసిందేమిటంటే, ఆ పాత కొరియా ఇంట్లోనూ చెక్క నేల ఉంది, కానీ మంట మీద లేదు. ఎండాకాలం కూర్చునే సావడికి చెక్క, చలికాలం పడుకునే గదికి రాయి, మట్టి. చెక్కనూ వేడినీ ఒకదాని మీద ఒకటి పెట్టాలన్న ముచ్చట తర్వాతి కాలానిది. పెట్టకూడదని కాదు. అడ్డం నిలువు పొరలు అతికించిన పలకలైతే ఒంటి చెక్క అంతగా కదలవు. మన టేకు కూడా ఓక్ కంటే నిదానం. చెక్క పైతట్టు ఇరవై ఏడు డిగ్రీలు దాటనివ్వకూడదు. పొద్దున ఆర్పి సాయంత్రం భగ్గున పెంచేకంటే సన్నటి వేడిని రోజంతా నడపడం మేలు. వేసేముందు పలకలను ఆ ఇంటి గాలికే కొన్నాళ్లు అలవాటు చేయాలి. పచ్చి చెక్కతో వాకిలి చేయించి, మరుసటేడు తలుపుకూ ద్వారబంధానికీ మధ్య వేలు దూరితే ఆచారిని తిట్టినవాళ్లు మన వీధిలో మాత్రం లేరా?

సద్దులన్నీ ఒకటి కాదు కూడా. ఎవరూ నడవనప్పుడు, వేడినీళ్లు ఎక్కే వేళ టిక్ టిక్‌మంటే అది చెక్క కాదు, గొట్టమో దాన్ని పట్టుకున్న అల్యూమినియం రేకో సాగుతోంది. కాలు పెడితేనే కిర్రుమంటే చెక్క. జపాన్‌లో క్యోటోలోని నిజో కోట వసారాల్లో నడిస్తే నేల పిట్టలా కూస్తుంది, దొంగల పసి పట్టడానికే అలా కట్టారని చెప్పుకుంటారు. మావాడింట్లో దొంగ తనే కాబట్టి ఆ మాట వాడితో అనలేదు.

వదులైన పలకను చివరికి స్క్రూతో బిగించాల్సిందే, మేకు మళ్లీ వదులవుతుంది. కానీ కింద గొట్టాలున్నాయి! ఒక్క స్క్రూ గురి తప్పితే వంటింటి పైకప్పులోంచి వాన. అందుకని వేడి పెట్టించి, తడి కాగితాలు నేల మీద పరవమన్నాను. గొట్టం పైనున్న చోటు ముందుగా ఆరుతుంది. ఆ గీత పొడుగునా సుద్దముక్కతో గుర్తు పెట్టుకుని, దానికి దూరంగా, అడుగునున్న దూలంలోకి దిగేలా బిగించాలి. అదంతా చేశాడు. సద్దు చాలావరకు తగ్గిందని మొన్న మళ్లీ ఫోను చేసి, ఇంకా కనబడుతున్న సందులన్నీ లప్పం పెట్టి పూడ్చేస్తానన్నాడు.

"వద్దప్పా," అన్నాను. "జూలైలో ఆ పలకలు నీళ్లు తాగి ఉబ్బుతాయి. సందు లేకుంటే యాడికి పోతాయి? నేలంతా పైకి లేస్తుంది."

"మరి అంతవరకూ?"

"చీపురుతో ఊడ్చుకో."