"ఏమీ అనదులే"

మా జూలూరుపాడు వైపు కుక్కకు గొలుసు ఉండదు. పశువుల వెంట అడవికి పోతది, రాత్రి చేనుకాడ పందులను తరుముతది.

హైదరాబాద్‌లో చదివేటప్పుడు ఒకరోజు పొద్దున పార్కులో గొలుసు విప్పిన కుక్క ఒకటి ఊడ్చే అమ్మ మీదికి ఉరికింది. ఆమె చీపురు పడేసి వణికిపోయింది. "ఏమీ అనదులే" అన్నాడు యజమాని. నాకు కోపమొచ్చింది. కానీ మా గుంపుకు వచ్చే ఆశా అక్కతో మా నాన్న అనేదీ ఆ మాటే!

కేబీఆర్ పార్కు 1998 నుంచి జాతీయ పార్కు, నెమళ్లు తిరిగే చోటు. పెంపుడు కుక్కలను లోపలికి రానివ్వరు. కొండాపూర్‌లో 2018లో జీహెచ్‌ఎంసీ కుక్కలకే ఒక పార్కు పెట్టింది. అన్ని బస్తీలకూ అలాంటివి రావు. ఉన్న పార్కులోనే అందరూ సర్దుకోవాలంటే గొలుసు చేతిలో ఉండాలి. భయమైతుందో లేదో చెప్పాల్సింది ఎదుటి మనిషి, కుక్కను పెంచేటోళ్లు కాదు.

మొన్న సెలవులకు పోయినప్పుడు, అక్క వచ్చే వేళకు మా కుక్కను నేనే కట్టేసిన.