అవ్వ అడిగిన ప్రశ్న, నా లాగ్ బుక్

పోస్ట్ కొంచెం పెద్దది, తీరిక ఉన్నప్పుడు చదవండి.

నాది బీఎస్సీ బోటనీ. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదలు. మొన్న సెలవుల్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కోసం మా ఊళ్లో వాడే మందు మొక్కల గురించి రాద్దామని నోట్‌బుక్ పట్టుకుని అవ్వ దగ్గర కూర్చున్నా. దెబ్బ తగిలితే ఏ ఆకు నూరి కడతారు, బాలింతకి ఏ వేరు ఇస్తారు, అన్నీ అడిగా. రెండు చెప్పి ఆగిపోయింది. "ఇవన్నీ రాసి ఎవరికిస్తావురా?" అంది. (కువిలో అంది, నేను తెలుగులో రాస్తున్నా.) మా సార్‌కి అన్నా. "ఆయన ఎవరికిస్తాడు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

హాస్టల్‌కి వచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. వెతుకుతుంటే 'ట్రిప్స్' అనే పేరు తగిలింది. ముందు టూర్ల గురించి అనుకున్నా, నవ్వకండి. అది ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం. 1994లో మొరాకోలోని మర్రకేష్‌లో సంతకాలు అయ్యాయి, 1995 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. పేటెంట్లకి, కాపీరైట్లకి, ట్రేడ్‌మార్కులకి సభ్య దేశాలు కనీసం ఎంత రక్షణ ఇవ్వాలో చెబుతుంది. పేటెంట్‌కి అయితే దరఖాస్తు పెట్టిన రోజు నుంచి 20 ఏళ్లు. సంప్రదాయ జ్ఞానం అనే మాట మాత్రం ఆ ఒప్పందంలో ఎక్కడా లేదు.

పేటెంట్ రావాలంటే అది 'కొత్తది' అయ్యుండాలి. చిక్కంతా ఇక్కడే. ఏది కొత్తదో ఎలా తేల్చాలో ఎవరి చట్టం వాళ్లది. అమెరికా అప్పటి చట్టం ప్రకారం, వేరే దేశంలో జనం తరతరాలుగా ఒక పని చేస్తున్నా, అది ఎక్కడా అచ్చులో లేకపోతే పేటెంట్‌కి అడ్డం కాదు. 1995లో పసుపుతో గాయం మాన్పడానికి అక్కడ పేటెంట్ ఇచ్చేశారు. మన సీఎస్ఐఆర్ సవాలు చేస్తే 1997లో రద్దయింది. దేనితో గెలిచారు? పాత సంస్కృత గ్రంథం, 1953లో ఒక వైద్య పత్రికలో వచ్చిన వ్యాసం, అలాంటి కాగితాలతో. ఇంటింటా అమ్మలు చేసే పనే, కాగితం ఉంది కాబట్టి నిలబడింది.

మరి అవ్వ చెప్పే ఆకుకి కాగితం ఏది? కువిలో రాసిన పుస్తకం నేను ఇంతవరకు చూడలేదు.

అయితే రాసెయ్యడమే మేలు అనుకున్నా. రేపు ఎవరైనా "నేనే కనిపెట్టా" అంటే చూపించొచ్చు. కానీ ఒకసారి రాశాక అది అందరిదీ అయిపోతుంది. పేటెంట్ ఆగినా అమ్మకం ఆగదు, మన ఊరికి రూపాయి రాదు.

కేరళ కాణి తెగ కథ చదివాక ఇంకా తికమక పడ్డా. 1987లో అగస్త్య కొండల్లో శాస్త్రవేత్తలకి దారి చూపించిన కాణి కుర్రాళ్లు ఏవో కాయలు తింటూ అలసట లేకుండా నడిచారట. ఆ మొక్క ఆరోగ్యపచ్చ. దాంతో 'జీవని' అనే మందు తయారైంది. 1995లో ఒక కంపెనీకి లైసెన్స్ ఇచ్చారు, ఫీజు 10 లక్షలు, పైన 2 శాతం రాయల్టీ. అందులో సగం కాణి వాళ్లకి. ఆ డబ్బు కోసం 1997లో ట్రస్టు పెట్టారు. మంచి ఉదాహరణ అని అందరూ చెబుతారు, నిజమే. కానీ ఆ తెగ వైద్యులు, ప్లాతిలు, కొందరు ఈ జ్ఞానం అమ్మొద్దని అభ్యంతరం చెప్పారు. చెప్పింది కుర్రాళ్లు, జ్ఞానం తెగ మొత్తానిది. నోట్‌బుక్ పట్టుకున్న నేనూ ఆ కుర్రాళ్ల లాంటివాణ్నే కదా.

ట్రిప్స్‌కీ సంప్రదాయ జ్ఞానానికీ ఉన్న సంబంధం చూడాలని 2001లో దోహా సమావేశంలోనే రాసుకున్నారు. అక్కడ పని ముందుకు సాగలేదు. 2024 మేలో జెనీవాలో, వేరే సంస్థ వైపో దగ్గర, ఒక ఒడంబడిక కుదిరింది. మొక్కల ఆధారంగా పేటెంట్ అడిగేవాళ్లు ఆ మొక్క ఏ దేశానిదో, జ్ఞానం ఏ ఆదివాసీలదో చెప్పాలి. డబ్బు పంచాలని మాత్రం అందులో లేదు. మన దేశ పేటెంట్ చట్టం ఒక విషయంలో మేలు. ఆదివాసీల నోటిమాటగా ఉన్న జ్ఞానాన్ని చూపించి కూడా పేటెంట్‌కి అడ్డం చెప్పొచ్చు, 25వ సెక్షన్‌లో ఉంది. అవ్వ మాటకి కాగితంతో సమానంగా విలువ ఇచ్చిన చట్టం నేను చదివింది అదొక్కటే.

పోయిన వారం అవ్వకి ఫోన్‌లో ఇదంతా చెప్పా. సగం అర్థమైంది, సగం లేదు. "నా ఒక్కదానిదా అది? ఊళ్లో పెద్దోళ్లని కూర్చోబెట్టి అడుగు" అంది.

లాగ్ బుక్‌లో ప్రస్తుతం కరక్కాయ, నేలవేము లాంటి అందరికీ తెలిసినవే రాశా. అవ్వ చెప్పిన ఆ రెండూ పెన్సిల్‌తో వేరే కాగితం మీద ఉన్నాయి, పెట్టెలో పెట్టా. శనివారం ఊరెళ్తున్నా. మీలో ఎవరైనా ఇలాంటి ప్రాజెక్టు చేసుంటే, ఊళ్లో అడిగారా, ఎలా అడిగారు, కాస్త చెప్పండి.